పేరు, పేరుబరి, తరగతి
సామర్లకోట చెట్ల నుండి వెబ్‌సైట్ థీముల వరకు

పేరు లేని వస్తువును గూర్చి ఇద్దరు మాట్లాడుకొనుట కష్టము. ఒకే పేరు రెండు వస్తువులకు ఉన్నప్పుడు మాటలు సాగును గాని, ఒకరు చెప్పినది ఇంకొకరికి వేరుగా అర్థమగును. ఈ రెండవ చిక్కు మొదటి దానికంటె ప్రమాదకరమైనది. పేరు లేదన్న సంగతి వెంటనే తెలిసిపోవును. పేరు రెండింటికి చెల్లుచున్నదన్న సంగతి నష్టము జరిగిన తరువాతగాని తెలియదు.

ఉభయ గోదావరి ప్రాంతములలో ఈ చిక్కు ఉపాధ్యాయులకు క్రొత్త కాదు. అన్నవరము సత్యనారాయణస్వామి మీది భక్తిచేత ఇక్కడ ‘సత్యనారాయణ’ అను పేరు ఇంటింటా వినిపించును. ఒకే తరగతిలో ముగ్గురు సత్యనారాయణలు ఉన్నచో హాజరుపట్టీలో వారిని వేరు చేయునది ఇంటిపేరు. తెలుగువారి ఆచారములో ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు తరువాత వచ్చును. ఇంటిలో ‘సత్యం’ అని పిలిచినను చాలును. వీధిలో పూర్తిపేరు కావలెను. పొరుగూరి నుండి ఉత్తరము వ్రాయునప్పుడు ఊరు, మండలము, జిల్లా కూడ కావలెను. దూరము పెరిగినకొలది పేరు పొడవగుచున్నది.

ఈ సామాన్యమైన ఆచారమునే శాస్త్రజ్ఞులు రెండుసార్లు, రెండు వేర్వేరు శతాబ్దములలో, శాస్త్రనియమముగా తీర్చిదిద్దవలసి వచ్చినది. మొదటిసారి వృక్షశాస్త్రములో, రెండవసారి కంప్యూటరు శాస్త్రములో. మొదటి కథలోని ఒక ముఖ్యమైన అధ్యాయము గోదావరి డెల్టా అంచునే జరిగినది.

లిన్నేయసు చూపిన మార్గము

పదునెనిమిదవ శతాబ్దపు మొదటి భాగములో ఐరోపాలో ఒక మొక్క పేరు అనగా ఒక చిన్న వర్ణనయే. ఆకు, పువ్వు, కాయల లక్షణములను లాటిను భాషలో వరుసగా చెప్పుచు పోవుట వలన ఒక పేరు పది పన్నెండు పదముల వరకు సాగెడిది. క్రొత్త మొక్క దొరికినప్పుడెల్ల పాత పేర్లకు ఇంకొక పదము చేర్చవలసి వచ్చెడిది.

స్వీడను దేశీయుడైన కార్ల్ లిన్నేయసు 1753లో ప్రచురించిన ‘స్పీషీస్ ప్లాంటారం’ అను గ్రంథములో ప్రతి మొక్కకు రెండే పదముల పేరు ఇచ్చినాడు. మొదటి పదము ప్రజాతిని, రెండవది జాతిని తెలుపును. మామిడి ‘మాంగిఫెరా ఇండికా’, చింత ‘టామరిండస్ ఇండికా’, వేప నేటి పేరు ‘అజాడిరక్టా ఇండికా’. మూడింటిలోను ‘ఇండికా’ ఉన్నది. ఐనను తికమక లేదు. ‘ఇండికా’ అను పదము ఒంటరిగా దేనికిని పేరు కాదు. ముందున్న ప్రజాతి నామముతో కలిసినప్పుడే అది పేరగును. ముగ్గురు సత్యనారాయణలకు ఇంటిపేర్లు చేసిన మేలునే మూడు ‘ఇండికా’లకు ప్రజాతి నామములు చేయుచున్నవి.

లిన్నేయసు ఇంకొక పని కూడ చేసినాడు. జాతులను ప్రజాతులుగా, ప్రజాతులను క్రమములుగా, క్రమములను తరగతులుగా కూర్చినాడు. తరగతి అనగా పేరు కాదు, లక్షణముల పట్టిక. ఈ లక్షణములు ఉన్నది ఏదైనను ఈ తరగతిలోనిదే అని నిర్ణయించుటకు అది సాధనము. పేరు వస్తువులను వేరు చేయును. తరగతి వస్తువులను కలుపును. ఈ రెండు పనులు వేర్వేరని గుర్తుంచుకొనుట ముందు కథకు అవసరము.

సామర్లకోటలో రాక్స్‌బర్గ్

లిన్నేయసు శిష్యుడైన జోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడి చేరినాడు. ఆయనవద్ద లిన్నేయసు పద్ధతిని గ్రహించినవారిలో స్కాట్లండు దేశీయుడైన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ ముఖ్యుడు. రాక్స్‌బర్గ్ 1781లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా సామర్లకోటకు వచ్చినాడు. ఒకవైపు వరిచేలు, ఇంకొకవైపు కొండలు గల ఈ ప్రదేశము వృక్షశాస్త్రజ్ఞునికి పెన్నిధి. 1785లో కోనిగ్ కాకినాడలోని జగన్నాథపురమున మరణించినాడు. లిన్నేయసు నుండి శిష్యునికి, శిష్యుని నుండి ప్రశిష్యునికి వచ్చిన విద్య ఇట్లు గోదావరి తీరమున నిలిచినది.

రాక్స్‌బర్గ్ దేశీయ చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించినాడు. ప్రతి మొక్కకు లాటిను పేరుతోపాటు, తెలిసినంతవరకు తెలుగు పేరును కూడ నమోదు చేసినాడు. 1793లో ఆయన కలకత్తా వృక్షోద్యానమునకు అధికారిగా వెళ్లినాడు. సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుండి లండనులో వెలువడిన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను గ్రంథము మూడు సంపుటములు, 300 చిత్రములు గలది.

అందులోని రెండు చెట్ల కథలు పేర్ల శాస్త్రమునకు మంచి పాఠములు.

మొదటిది మోదుగ. విస్తరాకుల వలన అందరికి తెలిసిన ఈ చెట్టుకు వృక్షశాస్త్ర పోషకుడైన బ్యూట్ ప్రభువు పేరిట ‘బ్యూటియా’ అను ప్రజాతి నామము ఏర్పడినది. రాక్స్‌బర్గ్ దీనిని ‘బ్యూటియా ఫ్రాండోసా’ అన్నాడు. కాని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్క్ అంతకు ముందే దీనికి ‘ఎరిత్రైనా మోనోస్పెర్మా’ అని పేరిడియున్నాడు. ఎరిత్రైనా అనునది బాడిద చెట్టు ప్రజాతి. మోదుగ ఆ ప్రజాతిలోనిది కాదు. ఐనను ‘ఒకే విత్తనము కలది’ అను అర్థముగల జాతి నామము ముందుగా పెట్టబడినది. కనుక 1894లో టౌబెర్ట్ అను శాస్త్రజ్ఞుడు రెండింటిని సరిచేసి ‘బ్యూటియా మోనోస్పెర్మా’ అని స్థిరపరచినాడు. జాతి ఒక ఇంటి నుండి ఇంకొక ఇంటికి మారినది. వ్యక్తి పేరు మాత్రము దానితోనే వచ్చినది.

రెండవది సోమిద. దీని బెరడు జ్వరమునకు మందు. సింకోనా బెరడు దక్షిణ అమెరికా నుండి రావలసిన ఆ రోజులలో, దానికి బదులుగా సోమిద బెరడును వాడవచ్చునని రాక్స్‌బర్గ్ సూచించినాడు. ఆయన దీనిని మహాగని చెట్ల ప్రజాతిలో చేర్చి ‘స్వియటేనియా ఫెబ్రిఫ్యూగా’ అన్నాడు. 1830లో అడ్రియన్ దె జుస్సియు ఇది మహాగని ప్రజాతికి చెందదని గుర్తించి క్రొత్త ప్రజాతిని ఏర్పరచినాడు. ఆ ప్రజాతికి పెట్టిన పేరు ‘సోయ్మిడా’. తెలుగు రైతు పిలిచిన పేరు ఇట్లు ప్రపంచ వృక్షశాస్త్రములో ఒక ప్రజాతికి శాశ్వతనామమైనది.

మందు విషయములో పేరు పొరపాటయినచో రోగి చేతికి వేరొక చెట్టు బెరడు అందును. కనుకనే శాస్త్రజ్ఞులు పేర్ల నియమములను అంత పట్టుదలగా పాటింతురు.

ఇంకొక వింత గమనింపదగినది. ‘మోరస్’ అనగా పట్టుపురుగులు తిను మల్బరీ చెట్టు. ‘మోరస్’ అనగా గానెట్ అను సముద్రపక్షి కూడ. ఇది పొరపాటు కాదు. వృక్షనామముల నియమావళి వేరు, జంతునామముల నియమావళి వేరు. ఒక నియమావళిలోపల ప్రజాతి నామము రెండుసార్లు రాకూడదు. రెండు నియమావళుల మధ్య అడ్డు లేదు. ఏ పేరు ఏ హద్దులలో ఏకైకమై ఉండవలెనో నిర్ణయించునట్టి ఆ హద్దునే కంప్యూటరు శాస్త్రజ్ఞులు ‘నేమ్‌స్పేస్’ అందురు. తెలుగు వికీపీడియా రచయితలు దీనికి ‘పేరుబరి’ అను చక్కని మాటను వాడుచున్నారు. బరిలోపల ఒక పేరుకు ఒకటే అర్థము.

కంప్యూటరు భాషలలో అదే చిక్కు

1957లో వెలువడిన ఫోర్ట్రాన్ భాషలో ఒక పేరునకు ఆరు అక్షరములకు మించి చోటు లేదు. ప్రోగ్రాములు చిన్నవైనంతకాలము ఇది చాలినది. 1960 నాటి ఆల్గాల్ భాషలో ‘బ్లాకు’ అను ఏర్పాటు వచ్చినది. ఒక బ్లాకులో పెట్టిన పేరు ఆ బ్లాకు వెలుపల చెల్లదు. ఇంటిలో పిలుచు ముద్దుపేరు వీధిలో చెల్లనట్లే ఇదియును.

నార్వే రాజధాని ఆస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటరులో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ న్యూగార్డ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆల్గాల్ పునాదిపై 1967లో సిమ్యులా-67 అను భాషను రూపొందించినారు. వాస్తవజగత్తులోని వ్యవహారములను కంప్యూటరులో అనుకరించి చూచుట వారి ఉద్దేశము. ఒకే తీరున నడచుకొను అనేక వస్తువులను వర్ణించుటకు వారు ‘క్లాసు’ అను ఏర్పాటును ప్రవేశపెట్టినారు. క్లాసు అనగా లక్షణముల పట్టిక, చేయగల పనుల పట్టిక. దానిని అనుసరించి పుట్టిన ఒక్కొక్క వస్తువు ‘ఆబ్జెక్టు’. రాక్స్‌బర్గ్ గ్రంథములోని మోదుగ వర్ణన క్లాసు వంటిది; చేలగట్టుమీద నిలిచిన ఒక్కొక్క మోదుగ చెట్టు ఆబ్జెక్టు వంటిది. వర్ణన ఒకటే, చెట్లు వేలు. ఈ కృషికిగాను ఇద్దరికిని 2001వ సంవత్సరపు ట్యూరింగ్ బహుమానము లభించినది.

లిన్నేయసు వలెనే కంప్యూటరు శాస్త్రజ్ఞులకును తరగతి ఒక్కటే చాలలేదు. ఇంటిపేరు కూడ కావలసివచ్చినది. సి-ప్లస్-ప్లస్ భాషలోని నేమ్‌స్పేస్ 1998లో వెలువడిన ప్రమాణములో స్థానము పొందినది. వెబ్‌సైట్లకు విరివిగా వాడబడు పి.హెచ్.పి. భాషలో ఈ సదుపాయము మరింత ఆలస్యముగా వచ్చినది. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో వెలువరించిన ఈ భాషకు 2004లో వెలువడిన ఐదవ రూపముతో క్లాసులు బలపడినవి; 2009 జూన్ 30న వచ్చిన 5.3 రూపములోగాని నేమ్‌స్పేసు రాలేదు. అందులో ఇంటిపేరును, పేరును విడదీయు గుర్తు వెనుకకు వాలిన గీత.

వరద హెచ్చరిక, ఫారము హెచ్చరిక

2003 మే నెలలో మాట్ మల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ వెలువరించిన వర్డ్‌ప్రెస్ అను సాధనము పి.హెచ్.పి.లో వ్రాయబడినది. 2005లో వచ్చిన 1.5 రూపముతో దానికి ‘థీములు’ వచ్చినవి. థీము అనగా వెబ్‌సైటు వేషము: పుట రూపము, రంగులు, పట్టికల అమరిక. థీముతోపాటు ‘ప్లగిన్లు’ అను అదనపు భాగములను కూడ చేర్చుకొనవచ్చును. థీము వ్రాసినవారు ఒకరు, ప్లగిన్లు వ్రాసినవారు ఇంకొకరు, ఒకరినొకరు ఎరుగరు. ఐనను వారి ప్రోగ్రాములన్నియు ఒకే సమయమున, ఒకే కంప్యూటరులో, ఒకే బరిలో నడచును.

ఒక ఉదాహరణ తీసికొందము. గోదావరి వరద సమయమున ధవళేశ్వరము ఆనకట్టవద్ద నీటిమట్టము 11.75 అడుగులైనప్పుడు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులైనప్పుడు రెండవది, 17.75 అడుగులైనప్పుడు మూడవది జారీ అగును. లంకగ్రామములవారికి ఈ అంకెలు ప్రాణసమానములు. వీనిని చూపు ఒక ప్లగినులో ‘హెచ్చరిక’ అను ఫంక్షను ఉన్నదనుకొందము. అదే సైటుకు వాడిన థీములో ఫారమును తప్పుగా నింపినవారికి ఆ సంగతి తెలుపుటకు ఇంకొక ‘హెచ్చరిక’ ఫంక్షను ఉన్నదనుకొందము. రెండు పేర్లును సహజమైనవే. ఎవరి తప్పును లేదు. కాని వర్డ్‌ప్రెస్ ముందుగా ప్లగిన్లను, తరువాత థీమును చదువును. రెండవ ‘హెచ్చరిక’ ఎదురుపడగానే, ఈ పేరు ఇదివరకే ఉన్నదని పి.హెచ్.పి. పని నిలిపివేయును. వరద అంకెలు కావలసిన గంటలో పుట తెరచుకొనదు.

దీనికి కొందరు ఒక సులభోపాయము పన్నిరి: ఆ పేరుగల ఫంక్షను ఇదివరకు లేనిచో మాత్రమే క్రొత్తది నిర్మించవలెనని షరతు పెట్టుట. మూల థీములోని ఫంక్షనును ఉపథీము ఉద్దేశపూర్వకముగా మార్చుటకు ఇది తగిన ఏర్పాటే. కాని ఎరుగనివారి పేర్లనుండి రక్షణకు ఇది పనికిరాదు. పుట ఆగదు నిజమే. కాని థీము తన ‘హెచ్చరిక’ను పిలిచినప్పుడు ప్లగినులోనిది పలుకును. ఫోను నంబరులో ఒక అంకె తక్కువ వ్రాసిన పౌరునికి వరద హెచ్చరిక కనిపించును! ఆగిపోయిన పుటకంటె ఇది అపాయకరము. సోమిద అనుకొని వేరొక బెరడు తీసికొనుట వంటిది ఇది.

పాతకాలపు థీము రచయితలు ప్రతి పేరునకు ముందు ఒక గుర్తింపు పదము తగిలించెడివారు. అది నమ్మకమైన పద్ధతియే గాని పేర్లు పొడవై చదువుటకు విసుగు పుట్టును. ఇంకొందరు ఫంక్షన్లన్నిటిని ఒక క్లాసులో మూటగట్టి, ఆ క్లాసునే ఇంటిపేరుగా వాడినారు. నేమ్‌స్పేసు లేని కాలమున అది అవసరమైనది. నేడు అది లేదు. వర్డ్‌ప్రెస్ 2019 మేలో వచ్చిన 5.2 రూపముతో పి.హెచ్.పి. 5.6ను కనీస అర్హతగా నిర్ణయించినది. అప్పటినుండి థీము రచయితలు నేమ్‌స్పేసును నిస్సంకోచముగా వాడవచ్చును.

సరియైన వాడుక

నేమ్‌స్పేసు ప్రకటన ఫైలులో మొట్టమొదటి వాక్యముగా ఉండవలెను. ముందు సంస్థ పేరు, తరువాత థీము పేరు చేర్చుట మంచిది. ‘థీము’ వంటి పేరొక్కటే పెట్టుకొన్నచో ఇంటిపేరే ‘సత్యనారాయణ’ అయినట్లుండును. పి.హెచ్.పి. తెలుగు లిపిలోని పేర్లను కూడ అంగీకరించును గనుక ‘పాఠశాల\థీము\హెచ్చరిక’ అనునది చెల్లుబాటగు పేరే.

నేమ్‌స్పేసు లోపల ఒంటిపేరుతో ఫంక్షనును పిలిచినప్పుడు పి.హెచ్.పి. ముందు ఆ ఇంటిలో వెదకును. లేనిచో ఉమ్మడి బరిలో వెదకును. క్లాసు విషయములో అట్లు కాదు. ఇంటిలో లేనిచో లేదనియే చెప్పును. కనుక భాషతోపాటు వచ్చిన క్లాసును పిలుచునప్పుడు పేరు ముందు వాలుగీత ఉంచవలెను. లేదా ఫైలు ఆరంభములో ‘యూజ్’ వాక్యముతో దానిని దిగుమతి చేసికొనవలెను.

ఎక్కువమంది తడబడు చోటు ఇంకొకటి కలదు. ఫలానా సమయము రాగానే నా ఫంక్షనును పిలువుము అని థీము వర్డ్‌ప్రెస్‌కు పేరు వ్రాసి ఇచ్చును. ఇట్లు అక్షరములుగా వ్రాసి ఇచ్చిన పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా ఉండవలెను. ఇంటిలో ‘సత్యం’ చాలును. ఉత్తరముపై ‘సత్యం’ అని మాత్రము వ్రాసినచో తపాలావాడు ఏ ఇంటి తలుపు తట్టవలెను?

నేమ్‌స్పేసు అన్నిటిని కాపాడదు. సైటు భద్రపరచుకొను అమరికల పేర్లు, వర్డ్‌ప్రెస్‌లోని సంకేతముల పేర్లు ఉమ్మడి బరిలోనే ఉండును. వీనికి గుర్తింపు పదము నేటికిని అవసరమే. పుట అలంకరణకు వాడు సి.ఎస్.ఎస్. క్లాసులును అంతే. హోకన్ వియుం లీ 1994లో ప్రతిపాదించిన ఈ అలంకరణ భాషలో ‘క్లాసు’ అనగా పుటలోని భాగముల గుంపునకు తగిలించు చీటి మాత్రమే; సిమ్యులా నుండి వచ్చిన క్లాసుతో దీనికి సంబంధము లేదు. లిన్నేయసు తరగతి, సిమ్యులా క్లాసు, సి.ఎస్.ఎస్. క్లాసు, బడిలోని క్లాసు: మాట ఒకటే, బరులు నాలుగు.

ఇక క్లాసును ఎప్పుడు వాడవలెను? ఒక లక్షణముల సముదాయము, దానిని అంటిపెట్టుకొన్న పనులు ఉన్నప్పుడు. ఒక నది ఒక చోట నీటిమట్టము, దాని మూడు హద్దులు, ఏ హద్దు దాటినదో చెప్పు పని: ఇది క్లాసునకు తగినది. ధవళేశ్వరమునకు ఒక ఆబ్జెక్టు, భద్రాచలమునకు ఇంకొకటి. అంకెలు వేరు, తీరు ఒకటే. శీర్షికను పెద్ద అక్షరములుగా మార్చు ఒక చిన్న పనికి క్లాసు అక్కరలేదు. నేమ్‌స్పేసులోని ఫంక్షను చాలును. పేర్లు తగవుపడకుండుటకు నేమ్‌స్పేసు, సమానధర్మములను కూర్చుటకు క్లాసు. ఒకదాని పని ఇంకొకదానితో చేయింపరాదు.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల పునర్విభజన జరిగినది. అంతవరకు తూర్పుగోదావరి జిల్లాలో ఉన్న సామర్లకోట కాకినాడ జిల్లాలో చేరినది. ఊరు కదలలేదు, పేరు మారలేదు. దాని ముందున్న పేరు మాత్రము మారినది. మోదుగకు 1894లో జరిగినది, సోమిదకు 1830లో జరిగినది అదే. ప్రోగ్రాములకును ప్రతిదినము అదే జరుగుచున్నది. పూర్తి చిరునామాను ఒకేచోట వ్రాసి ఉంచుకొన్నవారు అక్కడ ఒక్క దిద్దుబాటుతో సరిపెట్టుకొందురు. పదిచోట్ల పదిరకములుగా వ్రాసినవారు పదిచోట్ల వెదకవలెను, పదకొండవది మరచిపోవుదురు.

పాఠశాల వెబ్‌సైటుకు థీము వ్రాయబూనిన విద్యార్థి మొదటి ఫంక్షనుకు పేరు పెట్టుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనవలెను: ఈ పేరును ఎరుగనివాడు ఇంకొకడు ఇదే పేరు పెట్టినచో ఏమగును? ఆ ప్రశ్నకు రెండు శతాబ్దములకు పూర్వము సామర్లకోట చెట్లనీడలో దొరికిన సమాధానమే నేటికిని చెల్లును. ముందు ఇంటిపేరు, తరువాత పేరు.